ఆదిలోనే హంసపాదు

రాత్రి పది దాటాక బాబాయి వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపి, నేను తెరిచేలోపే ఫోన్ చేశాడు. చెల్లెలి పెళ్లి శుభలేఖ. పెళ్లికొడుకు పేరు రాఘవ. కార్డులో ‘రాగవ’ అని పడింది. “మామూలు గ కాదురా, వత్తు ఘ. వియ్యంకుడు చూస్తే బాగుండదు. కంప్యూటర్ల వాడివి కదా, ఆ ఒక్క అక్షరం దిద్ది పంపెయ్. పొద్దున్నే ప్రింటుకి వెళ్లాలి” అన్నాడు. అదెంత పని అనుకున్నాను. గంటన్నర కుస్తీ పట్టాక కూడా ఆ ‘గ’ నా వంక చూస్తూనే ఉంది. పొద్దున్న డీటీపీ షాపుకి వెళ్తే అతను స్క్రీన్ మీంచి తల తిప్పకుండానే చెప్పాడు: “పేజ్‌మేకర్ ఫైలు తెండి సార్, అర నిమిషం పని. పీడీఎఫ్ అంటే అచ్చయిపోయిన కాగితం కిందే లెక్క.”

అతను విసుగ్గా అన్న ఆ మాటే పీడీఎఫ్‌కి సరైన నిర్వచనం. దాన్ని కనిపెట్టినవాళ్లకి కావలసింది కూడా అదే, అచ్చయిపోయిన కాగితం. దిద్దుకునే వీలు వాళ్ల లెక్కలో చాలా వెనక ఉంది. ఆ తర్వాత ముప్ఫై ఏళ్లకు పైగా ప్రపంచమంతా ఆ అచ్చుకాగితాన్ని దిద్దాలని చూస్తూనే ఉంది.

కథ కాలిఫోర్నియాలోని జిరాక్స్ పరిశోధన కేంద్రంలో మొదలవుతుంది. 1970ల చివర అక్కడ జాన్ వార్నాక్, చార్లెస్ గెష్కీ అనే ఇద్దరు కలిసి పనిచేసేవారు. వార్నాక్ లెక్కల మనిషి. గెష్కీ కాలేజీలో చదివింది లాటిన్. కానీ అతని తండ్రీ తాతా అచ్చు దిమ్మెలు చెక్కే పనివాళ్లు. పేజీ మీద ఒక చుక్క పక్కకి జరిగితే భూతద్దం పెట్టి పట్టుకునే ఇంట్లో పెరిగాడు. ఏ ప్రింటర్ మీదైనా ఒకే పేజీ ఒకేలా రావడానికి వీళ్లు ఇంటర్‌ప్రెస్ అనే భాష తయారుచేశారు. జిరాక్స్ దాన్ని మెచ్చుకుంది గానీ బయటికి వదల్లేదు. ఇద్దరూ విసిగిపోయి 1982 డిసెంబర్‌లో సొంత కంపెనీ పెట్టుకున్నారు. వార్నాక్ ఇంటి వెనక పారే అడోబీ వాగు పేరే దానికీ పెట్టారు. మొదటి లోగో గీసింది వార్నాక్ భార్య మార్వా.

అప్పుడే స్టీవ్ జాబ్స్ వచ్చి కంపెనీ మొత్తం కొంటానన్నాడు. వీళ్లు ఒప్పుకోలేదు. దాదాపు ఐదో వంతు వాటా మాత్రం అమ్మారు. 1985లో ఆపిల్ తెచ్చిన లేజర్‌రైటర్ ప్రింటర్‌లో వీళ్ల కొత్త భాష పోస్ట్‌స్క్రిప్ట్ ఉంది. 6,995 డాలర్ల ఆ ప్రింటర్‌లో ఉన్న ప్రాసెసర్, దాన్ని నడిపే మకింటాష్‌లో ఉన్నదాని కంటే వేగమైనది. అదే ఏడాది ఆల్డస్ కంపెనీ పేజీలు కూర్చే పేజ్‌మేకర్ తెచ్చింది. తర్వాత ఆల్డస్‌ని అడోబీయే కొనుక్కుంది. 2001లో పేజ్‌మేకర్ ఏడో వెర్షన్ వచ్చి ఆగిపోయింది. కంపెనీ వదిలేసినా మన డీటీపీ షాపులు దాన్ని ఇంకా పక్కన పెట్టలేదు. తెలుగు శుభలేఖలు, కరపత్రాలు, చిన్న పత్రికలు ఎన్నిటికో అదే పొయ్యి.

పోస్ట్‌స్క్రిప్ట్ అంటే పేజీ బొమ్మ కాదు, పేజీ గీయమని చెప్పే ప్రోగ్రాము. ‘ఇక్కడికి వెళ్లు, ఈ గీత గియ్యి, దీన్ని పదిసార్లు తిప్పి మళ్లీ గియ్యి’ అని ప్రింటర్‌కి చెబుతుంది. ప్రింటర్ కూర్చుని లెక్కలు కట్టుకోవాలి. జాబ్స్‌కి చూపించడానికి వార్నాక్ అమెరికా ఆదాయపు పన్ను ఫారాన్ని ఈ భాషలో చేత్తో రాశాడు. గడుల మీద గడులు, సన్న అక్షరాలు, గీతలు. ప్రింటర్ నిమిషాలు తీసుకుంది. అంతసేపు జాబ్స్ లాంటి మనిషిని ప్రింటర్ పక్కన నిలబెట్టలేరు కదా. వార్నాక్ ఒక కిటుకు చేశాడు. ‘గియ్యి’ అనే ఆజ్ఞల అర్థాన్నే మార్చేశాడు. అవి కాగితం మీద గీయడం మానేసి, చివరికి ఏ గీత ఎక్కడ పడుతుందో చిట్టా రాసిపెడతాయి. లూపులు లేవు, షరతులు లేవు. వంట అంతా అయిపోయి విస్తట్లో వడ్డించడమే మిగిలింది. ఈసారి అదే ఫారం సెకన్లలో బయటికొచ్చింది.

ఆ చిట్టాయే పీడీఎఫ్‌కి బీజం. 1990ల మొదట్లో వార్నాక్ కొద్ది పేజీల నోట్ ఒకటి రాసి దానికి కామెలాట్ ప్రాజెక్టు అని పేరు పెట్టాడు. ఒక కంప్యూటర్‌లో తయారైన కాగితం ఇంకో కంప్యూటర్‌లో అలాగే కనిపించే దారి లేదని, అందుకే జనం ఇంకా ఫ్యాక్సుల మీదే బతుకుతున్నారని దాని సారం. ఎవరి దగ్గర ఏ సాఫ్ట్‌వేర్ ఉన్నా, ఏ ఫాంటు లేకపోయినా, పేజీ చెక్కుచెదరకుండా తెరుచుకోవాలి. 1993 జూన్‌లో అక్రోబాట్ అన్న పేరుతో అది బజారుకొచ్చింది.

ఎవరూ కొనలేదు. చదివే సాఫ్ట్‌వేర్‌కే 50 డాలర్లు పెడితే ఎవరు కొంటారు? పైగా ఆ ఫైళ్లు బరువు, కంప్యూటర్లు నత్తలు, ఫోన్ లైను మీద నడిచే మోడెములు. ఎన్వాయ్, కామన్ గ్రౌండ్, రెప్లికా అని పోటీగా మరి కొన్ని వచ్చాయి. కంపెనీ బోర్డు అక్రోబాట్‌ని మూసేద్దామంది. వార్నాక్ మొండికేశాడు. మరుసటి ఏడాదికల్లా చదివే సాఫ్ట్‌వేర్‌ని ఉచితం చేసి, తయారుచేసే సాఫ్ట్‌వేర్‌కి మాత్రం డబ్బు తీసుకున్నారు. కథ అక్కడ మలుపు తిరిగింది. పీడీఎఫ్‌ని ముందుగా అందుకున్న పెద్ద ఆఫీసుల్లో అమెరికా ఆదాయపు పన్ను శాఖ ఒకటి కావడం నాకు భలే నచ్చిన సంగతి. ఏ ఫారం ప్రింటర్‌ని సతాయించి ఈ ఆలోచన పుట్టించిందో, ఆ ఫారాలే తర్వాత పీడీఎఫ్‌లుగా ఊళ్లు తిరిగాయి.

ఇక దిద్దుబాటు సంగతి. మొదటి అక్రోబాట్‌లో ఎక్స్చేంజ్ అనే భాగం ఉండేది. దానితో పేజీలు తీసేయొచ్చు, చేర్చొచ్చు, పసుపు చీటీ అంటించొచ్చు, లింకు పెట్టొచ్చు. అక్షరాన్ని ముట్టుకునే వీలు మాత్రం లేదు. అయినా ఈ చిన్న పనుల కోసమే ఆ ఇంజనీర్లు ఫైలు కట్టుబడిలో ఒక తమాషా ఏర్పాటు చేశారు. నా లెక్కలో మొత్తం కథలోకల్లా అందమైనది అదే.

పీడీఎఫ్‌ని కంప్యూటర్ తోక దగ్గర్నుంచి చదువుతుంది. ఫైలు నిండా నంబర్లేసిన ముక్కలుంటాయి: ఈ పేజీ ఒకటి, ఈ ఫాంటు ఒకటి, ఈ బొమ్మ ఒకటి. ఏ నంబరు ముక్క ఫైల్లో ఎన్నో బైటు దగ్గర మొదలవుతుందో చెప్పే పట్టిక చివర్లో ఉంటుంది. ఒక్కో వరుస సరిగ్గా 20 బైట్లు. అంటే 500 పేజీల పుస్తకంలో 437వ పేజీ కావాలంటే మిగతావన్నీ చదవక్కర్లేదు. పట్టిక చూసుకుని నేరుగా అక్కడికి దూకొచ్చు. మరి ఒక ముక్కని మార్చాలంటే? పాతదాన్ని చెరిపి కొత్తది రాస్తే, దాని పొడవు మారి తర్వాతి చిరునామాలన్నీ తప్పిపోతాయి. ఫైలంతా మళ్లీ రాయాలి. అప్పటి డిస్కుల మీద అది టీ తాగి వచ్చే పని. అందుకని పాతదాన్ని ముట్టుకోవద్దన్నారు. మార్చిన ముక్కని ఫైలు చివర, అంతకుముందు ‘ఇక సమాప్తం’ అని రాసిన చోటు దాటాక చేర్చి, దాని కింద ఒక చిన్న కొత్త పట్టిక పెడతారు: ‘12వ ముక్క ఇప్పుడు ఇక్కడుంది, మిగతావాటికి పాత పట్టిక చూడు.’ తోక నుంచి చదివే కంప్యూటర్‌కి ముందు కొత్తది తగులుతుంది. పాతది లోపల అలాగే పడి ఉంటుంది.

తాటాకు గ్రంథాలు రాసేవాళ్లు చేసిందీ ఇదే. గంటంతో గీసిన అక్షరాన్ని చెరపలేరు. రాస్తూ ఒక అక్షరం మర్చిపోతే ఆ చోట హంసకాలి గుర్తు పెట్టి, జారిపోయిన అక్షరాన్ని పక్కనో పైనో రాసేవారు. మొదటి పంక్తిలోనే ఆ గుర్తు పెట్టాల్సి వస్తే ‘ఆదిలోనే హంసపాదు’. మనం దాన్ని అపశకునంగా వాడుతున్నాం గానీ, ఆ గుర్తు నిజానికి ఒక నిజాయితీ. ఇక్కడ తప్పిపోయాను, ఇదిగో దిద్దుకున్నాను అని చెప్పడం. రిజిస్ట్రార్ ఆఫీసులో కూడా అంతే కదా. రిజిస్టరైన దస్తావేజులో సర్వే నంబరు తప్పు పడితే దాన్ని కొట్టేయరు, సవరణ దస్తావేజు ఇంకోటి రాసి రిజిస్టరు చేస్తారు. పీడీఎఫ్ పుట్టుకలోనే హంసపాదు ఉంది.

పేజీలు, చీటీల వరకు బాగానే ఉంది. మరి అక్షరాలు? ఇక్కడే నా గంటన్నర ఖర్చయింది. పీడీఎఫ్ లోపల పదాలుండవు. మామూలుగా వాక్యం, పేరా అనే ఊసే ఉండదు. ‘ఎడమ నుంచి ఇన్ని పాయింట్లు, కింద నుంచి ఇన్ని పాయింట్ల దగ్గర ఈ ఫాంటులో 37వ ఆకారం పెట్టు, కొంచెం జరుగు, 12వది పెట్టు’ ఇంతే. రెండు పదాల మధ్య ఖాళీ కూడా చాలాసార్లు నిజం ఖాళీ కాదు, జరగమన్న దూరం. అందుకని దిద్దే సాఫ్ట్‌వేర్ ఊహించుకోవాలి. ఇంత ఎడం ఉంటే పదం విరిగినట్టు, వరుస కింద వరుస ఇంత దగ్గరుంటే ఒకే పేరా అయినట్టు. అక్రోబాట్‌లో వరుసలో అక్షరాలు దిద్దే పనిముట్టు 1990ల చివరికి వచ్చింది. అదీ ఒక్క వరుసకే పరిమితం. పదం పెంచితే పక్కకి పొడుచుకొచ్చేది, కింది వరుసకి జారేది కాదు. పేరా మొత్తాన్ని పేరాగా గుర్తుపట్టి సర్దడం 2012లో పదకొండో వెర్షన్ దాకా సరిగ్గా కుదరలేదు. పుట్టిన 19 ఏళ్లకు!

ఈ మధ్యలో ఊరుకోనివాళ్లు వేరే దారులు వెతికారు. బెల్జియంలోని గెంట్ నగరం ఈ విషయంలో విచిత్రం. ప్రెస్సుకి వెళ్లే చివరి నిమిషంలో పీడీఎఫ్‌లో తప్పులు పట్టి సరిచేసే పిట్‌స్టాప్ ఆ ఊరిదే. గెంట్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న బ్రూనో లోవాజీ, ప్రోగ్రాముల చేత పీడీఎఫ్‌లు రాయించే ఐటెక్స్ట్‌ని 2000లో వదిలిందీ అక్కడే. మరోవైపు ఉచిత సాఫ్ట్‌వేర్ వాళ్లు ఈ తాళం లోపలి పళ్లు ఒక్కోటీ లెక్కపెట్టుకుంటూ వచ్చారు. 1988లోనే పోస్ట్‌స్క్రిప్ట్ కోసం పీటర్ డాయిచ్ వదిలిన ఘోస్ట్‌స్క్రిప్ట్, 1995లో డెరెక్ నూన్‌బర్గ్ రాసిన ఎక్స్‌పీడీఎఫ్, 2011లో బ్రౌజర్‌లోనే పేజీ గీసేసిన మొజిల్లా వాళ్ల పీడీఎఫ్ జేఎస్. అడోబీ కూడా గుట్టు దాచుకోలేదు. మొదటి రోజు నుంచీ ఫైలు నిర్మాణాన్ని పుస్తకంగా అచ్చువేసి పంచింది. 2008 జులైలో అది ఐఎస్ఓ ప్రమాణమై కంపెనీ చేతుల్లోంచి బయటికొచ్చింది. అప్పటికి ఆ కంపెనీ పెద్దకుర్చీలో ఉన్నది హైదరాబాదులో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన శంతను నారాయణ్.

ఆ ‘ఘ’ సంగతి ఇంకా చెప్పలేదు. ఫాంటు లేని కంప్యూటర్‌లో కూడా పేజీ కనబడాలి కాబట్టి పీడీఎఫ్ తన ఫాంటుని తనే మోసుకెళ్తుంది. బరువు తగ్గించడానికి మొత్తం ఫాంటుని కాదు, ఆ కాగితంలో వాడిన అక్షరాల్ని మాత్రమే. శుభలేఖ అంతా వెతికాను. మరో ‘ఘ’ ఎక్కడా లేదు. అంటే ఆ ఫైల్లో ‘ఘ’ ఆకారమే లేదు. పెట్టెలో లేని అచ్చుని ఏ కంపోజిటర్ మాత్రం ఎలా పేరుస్తాడు?

తెలుగుకి దీనిపైన ఇంకో పీడ. పేజ్‌మేకర్ కాలపు ఫాంట్లు ఇంగ్లిష్ అక్షరాల గదుల్లో తెలుగు ముక్కల్ని దాచాయి. ఆ పీడీఎఫ్‌లోంచి నాలుగు వాక్యాలు కాపీ చేస్తే పిచ్చి గుర్తుల పుట్ట వస్తుంది. యూనికోడ్ వచ్చాక తీరిపోతుందనుకున్నాం. పూర్తిగా తీరలేదు. ‘స్త్రీ’ని తీసుకోండి. రాసేటప్పుడు స, త, ర వరుసగా వచ్చి చివర గుడిదీర్ఘం. గీసేటప్పుడు ఆ గుడిదీర్ఘం మొదటి ‘స’ తల మీదికెక్కి కూర్చుంటుంది, తావత్తు, రావత్తు దాని తర్వాత. పీడీఎఫ్‌కి తెలిసింది గీసిన క్రమమే. తిరిగి కాపీ చేస్తే ‘సీ్త్ర’ అని అతుకుల బొంత వస్తుంది. వార్తల్లో ఇలాంటి వికారాలు కనబడినప్పుడల్లా పాపం టైపు చేసినవాణ్ణి తిట్టుకుంటాం. నిజం పాఠం ఫలానా అని గీతల పక్కనే రాసిపెట్టుకునే వీలు 2001 నాటి పీడీఎఫ్ 1.4లో చేర్చారు. ఫైలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ దాన్ని వాడాలిగా!

చెరపకుండా దిద్దడం అన్న పద్ధతి ఎంత ఇబ్బంది పెట్టగలదో 2005లో ప్రపంచానికి తెలిసింది. ఆ ఏడాది మార్చి 4న బాగ్దాద్ విమానాశ్రయం దారిలో, అపహరణ నుంచి విడిపించిన పాత్రికేయురాలిని తీసుకెళ్తున్న ఇటలీ గూఢచారి అధికారి నికోలా కాలిపారి అమెరికా సైనికుల కాల్పుల్లో చనిపోయాడు. అమెరికా సైన్యం విచారణ నివేదికని పీడీఎఫ్‌గా బయటపెట్టింది. రహస్య భాగాల మీద నల్లని పట్టీలు. ఇటలీలో చదువుతున్నవాళ్లు ఆ పట్టీల కింది భాగాన్ని కాపీ చేసి వేరే ఫైల్లో పేస్ట్ చేశారు. సైనికుల పేర్లతో సహా అంతా వచ్చేసింది. నల్ల పట్టీ కూడా పేజీ మీద గీసిన ఇంకో బొమ్మే. దాని కింద అక్షరాలు ఎప్పట్లాగే కూర్చుని ఉన్నాయి. మరుసటి ఏడాది అక్రోబాట్ ఎనిమిదో వెర్షన్‌లో నిజంగా తీసిపారేసే పనిముట్టు చేర్చారు. అయినా 2019 జనవరిలో, ట్రంప్ ఎన్నికల ప్రచారాన్ని ఒకప్పుడు నడిపిన పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టులో వేసిన కాగితాల్లో మళ్లీ అదే నల్ల పట్టీ, మళ్లీ అదే కాపీ, పేస్ట్. ఎన్నికల సర్వే వివరాలు ఎవరికి అందించాడో ఊరంతా చదివింది.

కానీ ఇదే గుణం ఇంకోచోట కాపాడుతోంది. ఆధార్ పీడీఎఫ్ తెరిచి ఉంటారు. పాస్‌వర్డుకి పేరులో మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. తెరవగానే ఒక మూల సంతకం గడిలో ప్రశ్నార్థకం. ఆ గడి వెనకున్నది డిజిటల్ సంతకం. ‘ఇన్నో బైటు నుంచి ఇన్నో బైటు దాకా నేను చూసిన కాగితం ఇదీ’ అని సంతకం సాక్ష్యం చెబుతుంది. లోపల ఒక్క బైటు కదిలినా అది చెల్లదు. అలాంటప్పుడు సంతకమైన కాగితం మీద ఇంకొకరు రెండో సంతకం ఎలా పెడతారు? పాత బైట్లని ముట్టుకోకుండా, తోకలో చేర్చి. డిస్కులు నెమ్మదిగా ఉన్నాయని 1993లో చేసిన ఏర్పాటు టెండర్లకీ ఒప్పందాలకీ ఆధారమైంది. సంతకం అయ్యాక ఎవరైనా ఏదైనా చేరిస్తే, చదివే సాఫ్ట్‌వేర్ సంతకం నాటి ప్రతిని వేరుగా తీసి చూపించగలదు కూడా. ఆధార్‌లో ప్రశ్నార్థకం ఎందుకంటే, సంతకం చేసినవారిని నమ్మొచ్చో లేదో మన కంప్యూటర్‌కి ఇంకా ఎవరూ చెప్పలేదు గనక.

స్కాన్ చేసిన పుస్తకాలది వేరే లోకం. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన రాజ్ రెడ్డి అమెరికాలో కార్నెగీ మెలన్ నుంచి పది లక్షల పుస్తకాల్ని డిజిటల్ చేయాలని తలపెట్టిన పథకంలో భాగంగా, మన దగ్గర డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు పుస్తకాల్ని స్కాన్ చేసింది. ఈ రోజు ఎవరైనా పాత నవల పీడీఎఫ్ పంపితే మూలం చాలాసార్లు అదే. వాటిలో అక్షరాలు లేవు, ఉన్నది పేజీ ఫోటో. వాటిని బాగుచేయడమంటే వంకర సరిచేయడం, మరకలు తుడవడం, ఆ తర్వాత అక్షరాలు గుర్తుపట్టించడం. గుర్తుపట్టిన పాఠాన్ని ఫోటో మీద కనిపించని సిరాతో రాస్తారు. పీడీఎఫ్‌లో నిజంగానే అలాంటి సిరా ఉంది. అక్షరం ఉంటుంది, రంగు ఉండదు. వెతికితే దొరుకుతుంది, కంటికి మాత్రం పాత అచ్చే కనబడుతుంది. తెలుగు వత్తుల దగ్గర ఆ గుర్తుపట్టడం ఇప్పటికీ తడబడుతూనే ఉంది. కానీ తప్పు చదివినా మూలం ఫోటో చెడదు. ఇదీ హంసపాదు పద్ధతే.

ఆ మర్యాద తప్పిన సందర్భం ఒకటుంది. 2013లో జర్మనీలో డేవిడ్ క్రీజెల్ అనే కంప్యూటర్ శాస్త్రవేత్తకి ఒక ఇంటి ప్లాను స్కాన్ వింతగా కనబడింది. మూడు గదులు, పక్కపక్కనే, పరిమాణాలు వేరు. కాగితం మీద 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు అని ఉంది. స్కాన్ చేసి తీసిన పీడీఎఫ్‌లో మూడు గదులూ 14.13. మసకబారలేదు, చెదరలేదు. చక్కగా, స్పష్టంగా, తప్పుగా ఉంది. తవ్వితే తేలిందేమిటంటే, ఫైలు చిన్నది చేయడానికి స్కానర్ ఒకేలా ఉన్న ఆకారాల్ని ఒక్కసారే దాచుకుని మిగతా చోట్ల అదే ముద్ర గుద్దుతోంది. 6, 8 దానికి ఒకటేలా అనిపిస్తే 6 ఉన్నచోట 8 పడిపోతుంది. లెక్కల కాగితాల్లో అంకెలు మారిపోయాయి. ఆ యంత్రాలు జిరాక్స్‌వి. కాగితాన్ని ఉన్నదున్నట్టు చూపించాలన్న తపన దశాబ్దాల కిందట మొదలైంది ఆ కంపెనీ గదుల్లోనే. జిరాక్స్ సవరణ సాఫ్ట్‌వేర్ విడుదల చేసింది. అయితే ఆ లోపం అప్పటికి ఎనిమిదేళ్లుగా యంత్రాల్లో ఉంటూ వచ్చిందని క్రీజెల్ లెక్క తేల్చాడు. ఆ ఎనిమిదేళ్లలో స్కాన్ చేశాక అసలు కాగితాల్ని పారేసినవాళ్ల దగ్గర, ఏ అంకె అసలుదో ఏది యంత్రం దిద్దిందో చెప్పే గుర్తు ఏదీ లేదు.